వాలు చేలో ఎర్రమట్టి కొట్టుకుపోతోంది, గట్లు ముందా చెరువుమట్టి ముందా?

అందరికీ నమస్తే. మాది అనంతపురం జిల్లా, కళ్యాణదుర్గం వైపు. నాలుగెకరాల ఎర్రనేల, బాగా వాలు. నాన్న కాలం నుంచీ చెనక్కాయే, మధ్యలో అక్కడక్కడా కంది సాళ్లు. మొన్న ఒక్క రాత్రి దంచిన వానకి పైమట్టంతా కిందున్న వాళ్ల చేలోకి పోయింది (వాళ్లు సంతోషంగానే ఉన్నారు), మా చేలో జానెడు లోతు గండ్లు పడి పైభాగంలో గరుసు తేలింది.

తప్పు మాదీ ఉంది. ట్రాక్టరు తిప్పుకోవడం సులువని వాలు వెంబడే దున్నిస్తాం, ఆ సాళ్లే కాలువలైపోతాయి. పైగా చెనక్కాయ పీకేటప్పుడు నేలంతా గుల్లవుతుంది, కట్టె (కాయలు తీసేసిన ఎండు చెట్టు) పశువులకి పోతుంది, ఇక మట్టిని పట్టుకోవడానికి ఏమీ మిగలదు. భూసార పరీక్షలో సేంద్రియ కర్బనం 0.3 శాతమే వచ్చింది, చాలా తక్కువ. వాన వెలిసి ఎండ కాసిందంటే పైన పెచ్చు కట్టేస్తుంది, ఆ తర్వాత పడిన నీళ్లు లోపలికి దిగవు.

ఇప్పుడు చేతిలో ఉన్న డబ్బు ఒక్క పనికే వస్తుంది. వాలుకి అడ్డంగా గట్లు వేయించాలా, నేల సారానికి చెరువుమట్టి తోలించాలా? గట్లు లేకుండా తోలిస్తే వచ్చే వానకి అదీ పోతుందని నా భయం. గట్టు మీద వట్టివేరు నాటినవాళ్లు ఉన్నారా, ఎండాకాలం నీళ్లు పెట్టకుండా బతికిందా? నేలకి పచ్చటి కప్పు ఉండేలా వానలకి ముందే నవధాన్యాలు (రకరకాల గింజలు కలిపి) చల్లితే ఇలాంటి నేలలో మొలుస్తాయా? ఎర్రనేలలో చేసి చూసినవాళ్లు చెప్పండి, నల్లరేగడి లెక్కలు మాకు కుదరవు.