బరువు పెరిగిన లాబ్రడార్‌ను వేసవిలో చురుకుగా ఉంచడం ఎలా?

నాగావళి తీరం (రాయగడ):
అందరికీ నమస్కారం. మేము రాయగడలో రెండో అంతస్తులో అద్దెకు ఉంటున్నాము. మా లాబ్రడార్ మగది, నాలుగేళ్లు నిండాయి. కిందటి వారం పశువుల ఆసుపత్రిలో తూకం వేయిస్తే 41 కిలోలు ఉన్నాడు. రక్తపరీక్ష చేయించి, థైరాయిడ్ లోపమేమీ లేదని, 32 కిలోల దాకా తగ్గించాలని డాక్టరు గారు చెప్పారు. నేను బడికి, మావారు కాగితపు మిల్లులో షిఫ్టుకు వెళ్లిపోతే పగలంతా మా అత్తగారే వాడిని చూసుకుంటారు. ఆవిడ బరంపురంలో పుట్టి పెరిగినవారు కనుక, ఎండలు ముదరగానే మాతోపాటు వాడికీ ఒక గిన్నెడు పఖాళ (అదే, మన చద్దన్నం) పెరుగు, ఉప్పు, ఉల్లిపాయ ముక్కలతో కలిపి పెడతారు. టీ వేళ బిస్కెట్లు సరేసరి. ఆవిడ మధ్యాహ్నం నడుం వాల్చగానే వీడు వరండాలోకి వెళ్లి దారినపోయే ప్రతివారి మీదా మొరుగుతాడు. లేదా చెప్పులు కొరుకుతాడు. సాయంత్రం ఐదింటికి నేను వచ్చి అరగంట తిప్పుతున్నాను, కానీ పది నిమిషాలకే వగరుస్తూ కూలబడుతున్నాడు. ఏం చేస్తే బాగుంటుందో అనుభవజ్ఞులు చెప్పగలరు.

మహేంద్రగిరి (పర్లాకిమిడి):
అన్నిటికన్నా ముందు ఆ ఉల్లిపాయను ఈరోజే మానిపించండి. ఉల్లి, వెల్లుల్లి కుక్క రక్తంలోని ఎర్రకణాలను చిట్లగొట్టి రక్తహీనత తెస్తాయి. ఉడికించినా ఆ గుణం పోదు, కాబట్టి సాంబారు అన్నం, కూర కలిపిన అన్నం కూడా పనికిరావు. పాయసంలోని ఎండుద్రాక్ష మూత్రపిండాలకు ప్రమాదం. ఇంకొకటి, మన వైపు వేసవిలో తరచుగా జరిగేది: మామిడి టెంక. లాబ్రడార్లు దాన్ని చప్పరించి వదలవు, మింగేస్తాయి; అది పేగులో అడ్డుపడితే ఆపరేషన్ తప్ప మార్గం ఉండదు.

ఇక కొలత. కుక్క ఉండవలసిన బరువును ఘనం చేసి, వచ్చిన సంఖ్యకు రెండుసార్లు వర్గమూలం తీసి, 70తో గుణిస్తే, విశ్రాంతిగా ఉన్నప్పుడు రోజుకు దానికి కావలసిన కేలరీలు వస్తాయి. 32 కిలోలకు ఇది సుమారు 940. బరువు తగ్గించడానికి సాధారణంగా ఈ సంఖ్య దగ్గర మొదలుపెడతారు. వంద గ్రాముల ఉడికిన అన్నంలోనే 130 కేలరీలు ఉంటాయి కనుక, గిన్నెడు పఖాళ, నాలుగు బిస్కెట్లు కలిస్తే లెక్క ఎక్కడికి పోతుందో మీరే చూడవచ్చు. అలాగని ఒక్కసారిగా కోత పెట్టవద్దు. వారానికి ఒకటి లేదా రెండు శాతం, అంటే మీ వాడికి 400 నుంచి 800 గ్రాములు తగ్గితే చాలు. ఉత్త అన్నం, కోడిమాంసం మీదే ఉంచితే కాల్షియం చాలదు. ఇంటి తిండే పెట్టదలిస్తే ఆ పాళ్లు డాక్టరు గారి చేత రాయించుకోండి.

శబరి (జయపురం):
మా తమ్ముడు తన కుక్కను సాయంత్రం స్కూటరు పక్కన నాలుగు కిలోమీటర్లు పరిగెత్తిస్తాడు. దానికి ఒళ్లన్నదే లేదు. మీరు కూడా ప్రయత్నించండి.

ప్రాణహిత (సిరొంచ):
శబరి గారు ఏమీ అనుకోకండి, ఆ సలహా ఈ కుక్కకు కీడే చేస్తుంది. తొమ్మిది కిలోల అదనపు బరువుతో పరిగెడితే కీళ్లు దెబ్బతింటాయి. అంతకన్నా ముందు ఎండదెబ్బ తగులుతుంది. కుక్కకు మనలాగా ఒళ్లంతా చెమట పట్టదు, వగర్చడం ద్వారానే వేడిని వదులుకోవాలి. మా గడ్చిరోలి వైపు మే నెలలో సాయంత్రం ఐదింటికి తారురోడ్డు ఇంకా కాలుతూనే ఉంటుంది. మీ దగ్గరా అంతే అయి ఉండాలి. అరచేతి వెనుక భాగాన్ని రోడ్డు మీద ఆనించి ఏడు సెకన్లు ఉంచలేకపోతే ఆ రోడ్డు మీద కుక్కను నడిపించకూడదు. మీ వైపు మే నెలలో ఐదుంబావుకల్లా వెలుగు వస్తుంది కాబట్టి, నడక తెల్లవారుజామునే ముగించండి. నాలుక ముదురు ఎరుపెక్కి, సొంగ కారుతూ తూలితే, వెంటనే నీడలోకి చేర్చి, మామూలు నీళ్లతో ఒళ్లంతా తడిపి, ఫ్యాను పెట్టి, ఆ తరువాత ఆసుపత్రికి తీసుకువెళ్లండి. చల్లబరచకుండా ఆటోలో వేసుకుని పరుగెత్తడం వల్ల విలువైన సమయం పోతుంది.

నడకలో దాన్ని లాక్కుపోకండి. ప్రతి గడ్డిపరకనూ వాసన చూడనివ్వండి. దాని లోకమంతా ముక్కులోనే ఉంది. ఇరవై నిమిషాలు తనివితీరా వాసన చూస్తూ నడిచిన కుక్క, గంటసేపు గొలుసు లాగుతూ నడిచిన కుక్కకన్నా తేలికపడి పడుకోవడం నేను మా ఇంట్లో చూశాను. అయితే నది ఒడ్డున గడ్డిలో తిప్పితే ఇంటికి రాగానే చెవుల లోపల, వేళ్ల సందుల్లో గోమార్లు వెదకండి. పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని నిటారుగా లాగాలి. కొందరు కిరసనాయిలు పూస్తారు, దానివల్ల చర్మం మండడం తప్ప ప్రయోజనం లేదు.

రుషికుల్య (గంజాం):
మధ్యాహ్నం మొరగడం గురించి ఎవరూ చెప్పలేదు. నాకు తోచినంతలో అది విసుగే. వరండా గ్రిల్లుకు అడుగున అట్టముక్క కట్టండి, దారి కనిపించకపోతే సగం తగ్గుతుంది. పాత తువ్వాలులో దాని తిండిలో నుంచే తీసిన కొంత భాగాన్ని చుట్టి ముడివేసి ఇవ్వండి, లేదా క్యారెట్, దోసకాయ ముక్కలను గదిలో అక్కడక్కడ దాచి వెదకమనండి. మొదట తేలికగా దొరికేచోట దాచాలి, లేకపోతే విసిగి వదిలేస్తుంది.

మరొక సంగతి అడుగుతాను: ఇంట్లో దానితో ఏ భాషలో మాట్లాడతారు? మా ఇంట్లో నేను ‘కూర్చో’ అనేదాన్ని, పిల్లలు ఒడియాలో ‘బొస’ అనేవారు, మావారు ‘సిట్’ అనేవారు. ముగ్గురి మాటా అది వినేది కాదు. ఇంటిల్లిపాదీ ‘బొస’కు కట్టుబడ్డాక వారం రోజుల్లో దారికి వచ్చింది.

నాగావళి తీరం (రాయగడ):
మూడు వారాల తరువాత రాస్తున్నాను. 39.6 కిలోలు ఉన్నాడు. పఖాళ మానిపించడానికి అత్తగారు మొదట ఒప్పుకోలేదు, ‘నోరులేని జీవిని ఎండబెడతావా’ అని రెండు రోజులు నాతో సరిగా మాట్లాడలేదు కూడా. ఆ క్యారెట్ ముక్కలు దాచే పని ఆవిడకే అప్పగించాను. ఇప్పుడు మధ్యాహ్నం నిద్ర మానుకుని మరీ బియ్యం డబ్బా వెనుక, పూజ గది గడప పక్కన దాచి, వాడు వెదుకుతుంటే చూస్తూ కూర్చుంటున్నారు. నడక తెల్లవారుజాము ఐదుంబావుకు మార్చాము; నాగావళి వంతెన దాకా కూలబడకుండా వస్తున్నాడు. పాలవాడి మీద మొరగడం మాత్రం అలాగే ఉంది. అతను రోజూ వాడికి చాటుగా బిస్కెట్ వేస్తున్నాడని నిన్ననే తెలిసింది.