మంచు తక్కువ దేశంలో స్కీయింగ్ కోచ్ నుంచి సంస్థ సారథి దాకా: జెఫ్ లిప్‌షట్ గురించి ఒక ప్రశ్న

యారాతీరం అడిగిన ప్రశ్న:

నమస్కారం. మేము మెల్‌బోర్న్‌లో స్థిరపడినప్పటి నుంచి, శీతాకాల ఒలింపిక్స్ వచ్చినప్పుడల్లా ఆస్ట్రేలియా జట్టు వార్తల్లో జెఫ్ లిప్‌షట్ అనే పేరు కనిపిస్తూనే ఉంది. ఆయన ఫ్రీస్టైల్ స్కీయింగ్ కోచ్‌గా మొదలై, 1998లో ఏర్పడిన సంస్థకు, అంటే నేటి ఒలింపిక్ వింటర్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఆస్ట్రేలియాకు తొలి సారథి అయ్యారనీ, 2022 బీజింగ్ క్రీడలకు చెఫ్ డి మిషన్‌గా, అంటే జట్టు అధిపతిగా, జట్టును తీసుకువెళ్లారనీ మాత్రం తెలుసు. మంచి కోచ్‌ను తీసుకువచ్చి కుర్చీలో కూర్చోబెడితే ఆటకూ ఆఫీసుకూ కాకుండా పోవడం మనం చాలాచోట్ల చూసినదే. ఈయన విషయంలో అలా ఎందుకు జరగలేదు? కోచ్‌గా నేర్చుకున్నది పరిపాలనలో ఎక్కడ అక్కరకొచ్చింది?

మంచుకొండ సమాధానం:

యారాతీరం గారూ, ఏ ఆట మీద డబ్బు పెట్టాలో తేల్చుకోవడంలోనే అక్కరకొచ్చిందని నా అభిప్రాయం. ఆస్ట్రేలియాలో స్కీయింగ్ కాలం జూన్ నుంచి అక్టోబరు వరకే. అదీ విక్టోరియా, న్యూ సౌత్ వేల్స్ పర్వతాల మీద. కొండవాలు మీద వేగంగా దిగే ఆల్పైన్ స్కీయింగ్‌లో, పుట్టింది మొదలు మంచులోనే పెరిగే ఆస్ట్రియా, స్విట్జర్లాండ్ పిల్లలతో పోటీ పడాలంటే ఎంత ఖర్చు పెట్టినా చాలదు. అయితే ర్యాంపు మీద నుంచి ఎగిరి గాలిలో పల్టీలు కొట్టే ఫ్రీస్టైల్ పోటీ, 1994లో ఒలింపిక్ పతకాంశమైన ఏరియల్స్‌లో స్కీల మీద జారడం ఎంత ముఖ్యమో, గాలిలో శరీరాన్ని తిప్పి అదుపులో పెట్టుకోవడం అంతకన్నా ముఖ్యం. ఆ విద్య జిమ్నాస్టులకు చిన్నప్పటి నుంచే వచ్చు. అందుకే ఈ సంస్థ జిమ్నాస్టిక్స్ మానేసిన అమ్మాయిలను వెతికి తెచ్చి, వాళ్లకు స్కీయింగ్ నేర్పింది. లిడియా లసీలా అలా వచ్చినవారే. 2006 టురిన్‌లో మోకాలు దెబ్బతిని పోటీ నుంచి తప్పుకున్న ఆమె, 2010 వాంకూవర్‌లో స్వర్ణం గెలిచారు. తర్వాతి తరంలో రెండుసార్లు ప్రపంచ విజేత అయిన లారా పీల్ కూడా జిమ్నాస్టే.

ఈ ఆటలో మరో సౌకర్యం ఉంది. సాధనలో పెద్ద భాగం మంచు లేకుండానే సాగుతుంది. ప్లాస్టిక్ కుచ్చులు పరిచి, జారుడు కోసం నీళ్లతో తడిపిన ర్యాంపు మీద నుంచి, వెట్‌సూటూ లైఫ్ జాకెట్టూ తొడుక్కుని, కాళ్లకు స్కీలతోనే ఎగిరి కొలనులో పడతారు. పడేవారికి దెబ్బ తగ్గేలా అడుగు నుంచి గాలి బుడగలు వదిలి నీటిని గుల్లచేస్తారు. కొత్త విన్యాసం అక్కడ నిలకడగా వచ్చిన తర్వాతే మంచు మీదకు వెళ్లనిస్తారు. ఆస్ట్రేలియా క్రీడాకారులు ఇందుకోసం చాలా ఏళ్లు అమెరికాలోని యూటా దాకా వెళ్లవలసి వచ్చేది. బీజింగ్ క్రీడలకు ముందు బ్రిస్బేన్‌లో, మంచు అన్నది ఎరుగని ఊళ్లో, అలాంటి కేంద్రం తయారైంది. అక్కడి వెచ్చని వాతావరణంలో ఏడాది పొడవునా దూకవచ్చు. కోచింగ్ చేసిన మనిషి కాకపోతే ఆ కొలను కోసం అన్నేళ్లు పట్టుబట్టి ఉండేవాడు కాదేమో.

పాతస్కోరుకార్డు సమాధానం:

మంచుకొండ గారు చెప్పినది చాలావరకు నిజమే గానీ, ఒక్క మనిషి ఖాతాలో అంతా వేయడం నాకు నచ్చలేదు. ఆ బ్రిస్బేన్ కేంద్రం పేరే జెఫ్ హెంకీ గారిది. శీతాకాల క్రీడలను పట్టించుకునేవారు లేని రోజుల నుంచి దశాబ్దాల పాటు వాటిని మోసినవారాయన. 1998 నుంచి 2018 వరకు వరుసగా ఆరు శీతాకాల ఒలింపిక్స్‌కు చెఫ్ డి మిషన్‌గా ఉన్నది ఇయాన్ చెస్టర్‌మన్. 2006లో మోగల్స్ (మంచు దిబ్బల మీదుగా స్కీలతో దిగే పోటీ) స్వర్ణం తెచ్చిన డేల్ బెగ్-స్మిత్ కెనడాలో పుట్టి, అక్కడే స్కీయింగ్ నేర్చుకుని వచ్చినవాడు. ఇక 2002లో ఐస్ మీద స్కేటింగ్ పరుగులో స్టీవెన్ బ్రాడ్‌బరీ స్వర్ణం సంగతి అందరికీ తెలిసిందే: ముందున్నవాళ్లంతా ఒకరి మీద ఒకరు పడిపోతే, వెనకున్నవాడు మొదట గీత దాటాడు.

ఆ 2002లోనే, పతకం ఖాయమనుకున్న జాకీ కూపర్ క్రీడలకు ముందు సాధనలో పడి మోకాలు దెబ్బతీసుకుంటే, అంతవరకు ఒక్క ప్రపంచ కప్ పోటీ కూడా గెలవని అలీసా క్యాంప్లిన్ ఏరియల్స్ స్వర్ణం అందుకుంది. దీన్ని అదృష్టం అనను. ఒకరు పడితే నిలబడగల రెండోవారు జట్టులో సిద్ధంగా ఉన్నారంటే వ్యవస్థ పనిచేస్తున్నట్టే. కానీ ఆ మోకాళ్ల ఖరీదు చెల్లించింది అమ్మాయిలు. ఆ లెక్క కూడా రాయాలి కదా?

నీలిజెండా సమాధానం:

ఇద్దరి మాటా కొట్టివేయలేనిది. కుర్చీలో కూర్చున్నవారి పని ఎలా ఉంటుందో తెలియాలంటే మాత్రం బీజింగ్ చూడాలి. ఐస్ మీద రాళ్లను గురి చూసి జార్చే కర్లింగ్ ఆటలో, మిశ్రమ డబుల్స్ విభాగంలో తాలీ గిల్, డీన్ హ్యూయిట్ ఆడిన ఏడు మ్యాచ్‌లూ ఓడిపోయారు. ఆ పైన గిల్‌కు కోవిడ్ పరీక్షలు తేడాగా రావడంతో ఇంటికి పంపేస్తున్నట్టు జట్టు ప్రకటించేసింది. చివరి ఘడియలో వైద్య నిపుణులు ఆడవచ్చని అనుమతి ఇస్తే, సర్దుకుంటున్న ఇద్దరూ పరుగున వచ్చి, ఆ రోజే స్విట్జర్లాండ్‌నూ కెనడానూ ఓడించారు. ఇందులో స్కీల ఊసు లేదు, పతకం లేదు. జట్టు అధిపతి బాధ్యత మాత్రం ఉంది.

అదే క్రీడల్లో జకారా ఆంథొనీ మోగల్స్ స్వర్ణంతో కలిపి ఆస్ట్రేలియాకు నాలుగు పతకాలు వచ్చాయి. అప్పటివరకు ఏ శీతాకాల క్రీడల్లోనూ ఆ దేశం మూడు దాటలేదు. 2026 క్రీడలకు చెఫ్ డి మిషన్‌గా నియమించినది అలీసా క్యాంప్లిన్‌నే. కనుక యారాతీరం గారు అడిగిన ప్రశ్నను ఇకపై క్రీడాకారిణి నుంచి పరిపాలనకు వచ్చినవారి గురించీ అడగవచ్చు.