పైడితల్లి అమ్మవారి పండుగ భోజనాలు: క్రీము బంగాళాదుంపల వంటకం పెడదామా?

వంటల బృందంలోని అందరికీ నమస్కారం. సెలవు మీద వచ్చి విజయనగరంలో అమ్మ దగ్గర ఉన్నాను. ఇక్కడ సిరిమానోత్సవం దసరా తరువాతి మంగళవారం జరుగుతుంది కనుక, ఆ వారం శనివారం మీరున్న చోట మనం పెట్టుకునే పండుగ భోజనాలలో, పిల్లలు ఇష్టపడతారని క్రీము పోసి ఓవెన్‌లో కాల్చే బంగాళాదుంపలను చేర్చాలన్న ప్రతిపాదన చదివాను. తప్పకుండా పెడదాం, అయితే క్రీముతో కాకుండా పాలతో చేయాలని నా గట్టి కోరిక.

లోపం దుంపలో లేదు. 100 గ్రాముల పచ్చి దుంపలో సుమారు 77 కేలరీలే ఉంటాయి, కొవ్వు దాదాపు ఉండదు, పొటాషియం 400 మిల్లీగ్రాములు దాటుతుంది. ఎనిమిది మందికి కిలో దుంపలు, అర లీటరు చిక్కని క్రీము, 100 గ్రాముల చీజ్ వాడితే మనిషికి దాదాపు 360 కేలరీలు, 27 గ్రాముల కొవ్వు చేరతాయి. అందులో సంతృప్త కొవ్వే 17 గ్రాములు. రోజుకు 2000 కేలరీలు తినేవారికి ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే హద్దు 22 గ్రాములే. క్రీముకు బదులు పాలు పోసి, చీజ్ సగానికి తగ్గించి, 20 గ్రాముల వెన్న వేస్తే 180 కేలరీలు, ఆరు గ్రాముల కొవ్వుతో సరిపోతుంది. మాంసకృత్తులు పెద్దగా తగ్గవు.

నిన్న ఇక్కడి చిన్న ఓవెన్‌లో చేసి చూశాను. చక్రాలుగా తరిగిన ముక్కలను కడగకూడదు; కత్తికి తెల్లగా అంటుకునే ఆ పిండే పాలను చిక్కబరుస్తుంది, మైదా అక్కర్లేదు. అమ్మ రుచి చూసి, “ఇది మన ఆనపకాయ పాలు పోసిన కూరకు చుట్టమే” అంది. నాకు ఎంతో సంతోషం కలిగింది.

బృందంలోని మరిది గారు నన్ను అడిగిన ప్రశ్న, నా జవాబు ఇవి:

— వదిన గారూ, మధుమేహం ఉన్న పెద్దల మాటేమిటి? పులిహోర, అన్నం కూడా ఉన్నాయి కదా.

— మంచి ప్రశ్న అడిగారు, మరిది గారూ. దుంప కూడా పిండిపదార్థమే కాబట్టి దీనిని కూరల వరుసలో కాకుండా అన్నం పక్కన పెట్టి, ఇది తీసుకునేవారు అన్నం తగ్గించుకోవాలని వడ్డించేవారు చెప్పాలి. పప్పు, ఆవ పెట్టిన పనసపొట్టు కూర విస్తరిలో ముందుగా పడాలి. కొన్ని చీజ్‌లలో దూడ కడుపు నుంచి తీసిన రెన్నెట్ (పాలను గడ్డకట్టించే పదార్థం) ఉంటుంది. శాకాహారులు తింటారు కనుక కొనేవారు లేబుల్ చదివి తీరాలి. 80 మందికి 10 కిలోల దుంపలు, ఐదు లీటర్ల పాలు, అరకిలో చీజ్, 200 గ్రాముల వెన్న కావాలి. పెద్ద ఓవెన్ ఉన్నవారు దయచేసి ఇక్కడే తెలియజేయండి.