మిట్టమధ్యాహ్నం గేటుకు తాళం: పెద్దవాళ్ల కమ్యూనిటీలో ఇది న్యాయమేనా?

పాత ఫర్నేస్
మా దగ్గర నోటీసు అంటించారు. "ఎండల దృష్ట్యా జూన్ 15 వరకు ఉదయం 11 నుంచి సాయంత్రం 4.30 దాకా ఎవరూ బయటికి వెళ్లరాదు. అత్యవసరమైతే పిల్లల నుంచి వాట్సాప్‌లో అనుమతి చూపించాలి." మాది విశాఖలో మధురవాడ దాటాక కొండ వైపున్న కమ్యూనిటీ, అందరం అరవై దాటినవాళ్లమే. పేరు చెప్పను, మా మేనేజరు కూడా ఇక్కడ చదువుతాడు.

నాకు 74. ఉక్కు కర్మాగారంలో గోదావరి అని పిలిచే ఫర్నేస్, అంటే ఇనుము కరిగించే కొలిమి, వెలిగించిన 1990 నుంచి రిటైరయ్యేదాకా దాని పక్కనే బతికాను. నిన్న పదకొండుంబావుకి గేటు దాకా వెళ్తే సెక్యూరిటీ కుర్రాడు, మా మనవడి ఈడువాడు, "తాతగారూ, అబ్బాయిగారి మెసేజ్ చూపించండి" అన్నాడు. నేను బయల్దేరింది రోడ్డుకి అవతలున్న తాటి ముంజల బండికి. గేటు దగ్గర నిలబడితే కనిపిస్తుంది. మా వాడికి అమెరికాలో అప్పుడు అర్ధరాత్రి. ముంజల కోసం వాణ్ని నిద్ర లేపమంటారా?

డబ్బు కట్టి ఉంటున్న మనిషిని, మతి స్థిమితంగా ఉన్న మనిషిని, ఎండ పేరు చెప్పి లోపల పెట్టొచ్చా? మీరేమంటారో చెప్పండి.

డాలస్ అమ్మాయి
బాబాయ్‌గారూ, కోపం తెచ్చుకోకండి. నేను అవతలి వైపు మనిషిని. మా అమ్మ రుషికొండ దగ్గర ఇలాంటి చోటే ఉంటుంది. పోయినేడు చందనోత్సవానికి సింహాచలం వెళ్తానంది. ఏడాదికి ఒక్కరోజే కదా స్వామి నిజరూప దర్శనం, ఎలా కాదంటాను? క్యూలో గంటలు నిలబడి, దర్శనం చేసుకుని, మెట్లు దిగుతూ కళ్లు తిరిగి పడింది. మణికట్టు విరిగింది. నాకు ఫోన్ వచ్చేసరికి ఇక్కడ తెల్లవారుజామున మూడు. ఇంత దూరం నుంచి నేను చేయగలిగింది ఫోన్ పట్టుకుని కూర్చోవడమే.

గేటు మూస్తే నాకు నిద్ర పడుతుంది. తప్పో ఒప్పో, నిజం అది.

ప్లీడరు తాత
అమ్మాయీ, నీ బాధ అర్థమైంది. కానీ నీ నిద్ర కోసం మీ అమ్మగారిని లోపల పెట్టడానికి చట్టం ఒప్పుకోదు. మేజరైన మనిషిని ఫలానా హద్దు దాటనివ్వకుండా ఆపితే అది అక్రమ నిర్బంధం. ఐపీసీలో 340గా చదువుకున్నాం, ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 127. అరవై దాటితే మైనరు అయిపోతారని ఎక్కడా రాయలేదు. 2007 నాటి పెద్దల సంరక్షణ చట్టం పిల్లల మీద బాధ్యత పెట్టింది గానీ, పెద్దవాళ్ల కాళ్ల మీద హక్కు ఇవ్వలేదు.

ఫర్నేస్‌గారూ, మీరు చేరేటప్పుడు సంతకం పెట్టిన అగ్రిమెంటు తీసి చదవండి. అందులో ఈ రూలు ఉండదు. ఒకవేళ ఉన్నా చెల్లదు.

ఉషోదయం
నాకైతే ఆ రూలు బాగుంది. మా ఆయన రోజూ పన్నెండింటికి గొడుగు లేకుండా రైతు బజారుకి బయల్దేరేవారు, ఆ టైముకి చవగ్గా ఇస్తారని. వాడిపోయిన తోటకూర తెచ్చేవారు. రూలు వచ్చాక ఇంట్లోనే ఉంటున్నారు. ఇప్పుడు వేడంతా నాకే.

వార్డు సిస్టర్
ముప్పై రెండేళ్లు నర్సుగా చేసి రిటైరయ్యాను. రెండు వైపులా కొంత నిజం ఉందని చెప్పి తప్పుకోను. గేటు తాళం తప్పే. కానీ ఫర్నేస్ మాస్టారూ, మీ వాదన కూడా తప్పే. ఫర్నేస్ వేడి తట్టుకున్నది నలభై ఏళ్ల ఒళ్లు. ఇప్పుడున్నది డెబ్భై నాలుగేళ్ల ఒళ్లు. వయసు పెరిగేకొద్దీ దాహం తెలియడం తగ్గిపోతుంది. చెమట ఆలస్యంగా పడుతుంది, తక్కువ పడుతుంది. దాని మీద బీపీకి నీళ్ల మాత్ర (మూత్రం ఎక్కువగా పోయించేది) కూడా వేసుకుంటుంటే, ఒంట్లో నీళ్లు ఆ దారినీ పోతాయి.

వైజాగ్ సంగతి ఇంకా వేరు. విజయవాడలో 44 అంటే హడలిపోతాం, మన దగ్గర 36 అంటే పర్లేదులే అనుకుంటాం. గాలి నిండా తడి ఉంటే చెమట ఆరదు. చెమట ఆరకపోతే ఒళ్లు చల్లబడదు. వాతావరణ శాఖ కూడా మైదానాల్లో 40 డిగ్రీలు దాటితే గానీ వడగాడ్పు మాట ఎత్తదు. తీరంలో మాత్రం 37కే ఎత్తుతుంది, అది మామూలు కన్నా నాలుగున్నర డిగ్రీలు ఎక్కువైనప్పుడు. ఇంకోటి మీరంతా గమనించే ఉంటారు. పొద్దెక్కాక సముద్రం గాలి తిరుగుతుంది, ప్రాణం లేచి వస్తుంది. పడమటి గాలి గట్టిగా వీచే రోజు అది తిరగదు. మన ఊళ్లో ఎండ చంపేది ఆ రోజే. మీ మేనేజరు తాళం వేసేది క్యాలెండరు చూసి, గాలి చూసి కాదు.

నా అసలు భయం ఇంకొకటి. రోడ్డు మీద పడిపోయిన మనిషిని ఎవరో ఒకరు చూస్తారు. గదిలో ఉన్నవాళ్లను ఎవరు చూస్తారు? 2003 ఆగస్టులో ఫ్రాన్స్‌లో వడగాడ్పులకు దాదాపు 15 వేల మంది పోయారు. అందులో ఎక్కువ మంది ముసలివాళ్లు, చాలామంది ఇళ్లలోనే, ఒంటరిగా. పొలంలో కూలీకి గంటలో కొట్టే వడదెబ్బ వేరు. వేడి గదిలో మూడు నాలుగు రోజులు కూర్చున్న పెద్దావిడకి అది నెమ్మదిగా వస్తుంది. ఒక్కోసారి చెమట కూడా పట్టదు. ముందు మాట తడబడుతుంది, పేర్లు మర్చిపోతారు. వయసు కదా అనుకుని వదిలేస్తాం.

పెందుర్తి రాజు
ఇవన్నీ ఏసీ రోగాలు. మా నాన్నమ్మ పొద్దున్నే తరవాణి, మధ్యాహ్నం చోడి అంబలి, మళ్లీ మజ్జిగ. తొంభై ఏళ్లు బతికింది. రోహిణి కార్తెలో రోళ్లు పగిలినా ఆవిడకి ఏమీ కాలేదు. అందరూ రోజుకి నాలుగు లీటర్ల నీళ్లు తాగితే గేటు గొడవే ఉండదు.

వార్డు సిస్టర్
అంబలి మంచిదే రాజుగారూ, నేనూ తాగుతాను. కానీ మీ నాన్నమ్మగారు పెంకుటింట్లో, చుట్టూ చెట్ల మధ్య, పది మందిలో ఉండి ఉంటారు. నాలుగో అంతస్తు స్లాబు కింద ఒక్కరే కాదు. ఇక నాలుగు లీటర్ల మాట దయచేసి అందరికీ చెప్పకండి. గుండె నీరసించిన వాళ్లకి, కిడ్నీ జబ్బున్న వాళ్లకి డాక్టర్లు నీళ్లకి లెక్క పెడతారు. వాళ్లు మీ మాట విని తాగితే కాళ్లు వాచి, ఆయాసంతో ఆసుపత్రికి వెళ్తారు. మజ్జిగలో ఉప్పుకి కూడా లెక్క ఉంటుంది. ఎండాకాలం మొదలవగానే ఎవరి మాత్రల చీటీ వాళ్లు డాక్టరుకి ఒకసారి చూపించుకుంటే చాలు.

గేటు లోపలి మనిషి
నేను ఇలాంటి చోటే ఆఫీసులో పని చేస్తున్నాను. ఫర్నేస్‌గారి కమ్యూనిటీ కాదు. మా వైపు మాట కూడా ఒకటి వినండి. రెండేళ్ల కింద మా నివాసి ఒకాయన బస్‌స్టాపులో కూలబడ్డారు. ఏమీ కాలేదు, నిమ్మరసం తాగి లేచారు. కానీ ఆ రాత్రి వాట్సాప్ గ్రూపులో పిల్లలు మమ్మల్ని ఉతికి ఆరేశారు. "మా నాన్నని బయటికి ఎలా వదిలారు" అని మూడు దేశాల నుంచి ఫోన్లు. అదే ఆయన్ని ఆపి ఉంటే ఒక్కరు కూడా అడిగేవారు కాదు. తాళానికి ఖర్చు లేదు. మధ్యాహ్నం ప్రతి తలుపూ కొట్టి చూడాలంటే ఇద్దరు మనుషులు కావాలి, వాళ్లకి జీతాలు కావాలి, అంటే మెయింటెనెన్స్ పెరగాలి. పెంచుతామంటే తిట్టేది కూడా వీళ్లే.

డాలస్ అమ్మాయి
తిట్టినవాళ్లలో నేనూ ఉండేదాన్నేమో. ఒప్పుకుంటాను.

కానీ తాతగారూ, సెక్షన్ 127 చెప్పినంత తేలికా ఇది? అమ్మ పడిపోతే సెలవు పెట్టి, టికెట్టు కొనుక్కుని ఇరవై నాలుగు గంటలు ప్రయాణం చేసేది నేను. ఆవిడ స్వేచ్ఛకి బిల్లు నా పేరున వస్తోంది.

ప్లీడరు తాత
తల్లీ, నీ పదహారో ఏట మీ అమ్మ నిన్ను సైకిలు మీద కాలేజీకి పంపింది కదా. పడితే బిల్లు ఎవరి పేరున వచ్చేది?

పాత ఫర్నేస్
నాలుగు రోజులు ఇటు రాలేకపోయాను. ఒకటి జరిగింది, చెప్తాను.

సిస్టర్‌గారు రాసింది చదివి, నిజం చెప్పాలంటే, మొదట చిరాకు పడ్డాను. మర్నాడు సాయంత్రం సెక్యూరిటీ కుర్రాడు తనే డ్యూటీ దిగాక నాకు ముంజలు తెచ్చి ఇచ్చాడు. మంచివాడు, రూలు వాడిది కాదు కదా. ఎక్కువ తెచ్చాడని నాలుగో అంతస్తులో ఉండే ఒక పెద్దావిడకి ఇద్దామని వాణ్ని తోడు తీసుకుని వెళ్లాను. నాకన్నా ఆరేళ్లు పెద్ద, టీచరుగా చేసి రిటైరయ్యారు, నేను అక్కయ్యగారూ అంటాను. పడమటి వైపు చివరి ఫ్లాటు. అప్పటికి ఆరున్నర, బయట చల్లగాలి మొదలైంది.

తలుపు తీయగానే లోపలి నుంచి వేడి నా మొహానికి కొట్టింది. ఎన్నో ఏళ్ల తర్వాత ఫర్నేస్ గుర్తొచ్చింది. కోతులొస్తాయని కిటికీలన్నీ బిగించి ఉన్నాయి. పడమటి గోడ మీద చెయ్యి పెడితే దించిన పెనంలా ఉంది. ఫ్యాన్ తిరుగుతోంది, ఆ వేడి గాలినే తిప్పుతోంది. ఏసీ రిమోటు ప్లాస్టిక్ కవర్లో చుట్టి టీవీ మీద పెట్టి ఉంది, మా దగ్గర ఏసీకి యూనిట్ లెక్కన వేరే బిల్లు వేస్తారు. మంచం పక్కన స్టీలు చెంబు, మీద మూత. మూత తీస్తే నీళ్లు అంచు దాకా ఉన్నాయి. పొద్దున పనమ్మాయి నింపి వెళ్లినవి.

ఆవిడ నన్ను చూసి "సుబ్బడూ, ఇప్పుడా రావడం" అన్నారు. నా పేరు అది కాదు. తర్వాత తెలిసింది, చనిపోయిన తన తమ్ముణ్ని ఆవిడ అలా పిలిచేవారట.

సిస్టర్‌గారి మాటే చెవిలో మోగింది. 108కి ఫోన్ చేశాను. వాళ్లొచ్చేలోపు కిటికీలు తెరిచి, తువ్వాలు తడిపి మెడకీ చంకలకీ పెట్టాం. నీళ్లు తాగించబోతే కుర్రాడు వద్దన్నాడు, మగతగా ఉన్న మనిషి గొంతులో నీళ్లు పోయకూడదని ఎక్కడో విన్నాడట. రెండు రోజులు ఆసుపత్రిలో ఉండి ఇంటికొచ్చారు. ఇప్పుడు నన్ను నా పేరుతోనే పిలుస్తున్నారు.

ఆవిడ నాలుగు రోజులుగా గేటు దాటలేదు. రూలు ఒక్కరోజు కూడా తప్పలేదు.

వార్డు సిస్టర్
ఆ కుర్రాడికి నా తరఫున ఒక బొండం కొనిపెట్టండి. మగతలో ఉన్నవాళ్లకి నోట్లో ఏమీ పోయకూడదు, జ్వరం మాత్రా పనిచేయదు. చల్లబరచడమే, వెంటనే.

మీ పై అంతస్తులో పడమటి ఫ్లాట్లు ఎన్ని? ఒంటరిగా ఉండేవాళ్లు ఎంతమంది? గేటు కాదు, ముందు ఆ లిస్టు కావాలి.

గేటు లోపలి మనిషి
ఇది చదివి ఇవాళ మా టవర్ పైకి వెళ్లి చూశాను. డాబా మీద చెప్పులు విప్పి నిలబడలేకపోయాను. తెలంగాణలో 2023లో కూల్ రూఫ్ పాలసీ అని పెట్టారు, డాబాకి తెల్లటి పూత వేయిస్తే కింద గది వేడి తగ్గుతుందని. మా వాళ్లకి కొటేషన్ పెట్టాను. జనరేటరు మీద కూడా అడిగాను. కరెంటు పోతే లైట్లు, ఫ్యాన్లు, లిఫ్టు నడుస్తాయి, ఏసీలు నడవవు. కనీసం కింద లైబ్రరీ గదికైనా కనెక్షన్ ఇవ్వమన్నాను. మధ్యాహ్నం అందర్నీ అక్కడికి దింపొచ్చు.

ఉషోదయం
అక్కడికి దింపితే పేకాటే. మా ఆయన మొదట వెళ్తారు. నాకు అభ్యంతరం లేదు.

పాత ఫర్నేస్
నిన్న మా మీటింగ్ అయింది. గంటన్నర అరుచుకున్నాం. ప్లీడరుగారి సెక్షను చదివి వినిపించాను, మేనేజరు మొహం మాడింది. పిల్లల మెసేజ్ రూలు తీసేశారు. దాని బదులు రిజిస్టరులో ఎక్కడికో, ఎన్నింటికి వస్తారో రాసి సంతకం పెట్టాలి. పడమటి గాలి వీచిన రోజు గేటు దగ్గర ఎర్ర బోర్డు పెడతారు. ఆ రోజు వెళ్తే తోడు ఒకరు ఉండాలి. దీనికి నేనూ ఒప్పుకున్నాను, మనసు చంపుకునే. ఫర్నేస్ దగ్గర ఎంత సీనియరునైనా ఒంటరిగా పంపేవాళ్లం కాదు, ఆ సంగతి ఇన్నేళ్లూ మర్చిపోయి మాట్లాడాను.

పై అంతస్తులో ఒంటరివాళ్లు పదకొండు మంది తేలారు. ఒక్కొక్కరికి కింది అంతస్తు వాళ్లు ఒకరు. మూడింటికి ఒకసారి, ఆరున్నరకి ఒకసారి తలుపు కొట్టాలి. ఫోన్ చేస్తే సరిపోదా అని ఒకాయన అడిగాడు. ఫోన్లో మా అక్కయ్యగారు ఆ రోజు మధ్యాహ్నం కూడా వాళ్లబ్బాయితో "బాగానే ఉన్నాన్రా" అన్నారు. ఏసీ యూనిట్ రేటు మాత్రం తగ్గించనన్నారు. దాని మీద గొడవ ఇంకా ఉంది.

ఇవాళ పదకొండున్నరకి రిజిస్టరులో మొదటి సంతకం నాదే. ఎక్కడికి అన్న చోట "ముంజలు" అని రాశాను. ఆ బండివాడు ఇవాళ రాలేదు.

డాలస్ అమ్మాయి
అమ్మకి ఇప్పుడే ఫోన్ చేసి, నీ ఫ్లాటు ఏ వైపు ఉందే అని అడిగాను. ఇన్నేళ్లలో ఎప్పుడూ అడగలేదు. "నీకెందుకే" అంది. రెండు నిమిషాలు అటూ ఇటూ మాట్లాడి అప్పుడు చెప్పింది, పడమరేనట, పై అంతస్తే. ఏసీ వేసుకుంటున్నావా అంటే కీళ్లు పట్టేస్తాయంది.

ఆఫీసు ఆయనా, మీ డాబా పూతకి కొటేషన్ ఎంత వచ్చిందో ఇక్కడ పెడతారా? బాబాయ్‌గారూ, మీకు రుషికొండ వైపు తెలిసినవాళ్లు ఎవరైనా ఉన్నారా, మూడింటికి ఒకసారి తలుపు కొట్టడానికి?