ఫ్లోరైడ్ మరకలు డెంటిస్ట్ దగ్గర తెల్లబడతాయా?

మర్రిగూడ_పోరడు:
మాది మర్రిగూడ మండలం, వయసు 26. చిన్నప్పుడంతా ఫ్లోరైడ్ ఉన్న బోరు నీళ్ళే తాగాం కాబట్టి ముందు నాలుగు పళ్ళ మీద గోధుమరంగు మరకలు, మధ్యమధ్య సుద్ద రాసినట్టు తెల్లటి చుక్కలు ఉన్నాయి. వచ్చే నెల ఎంగేజ్‌మెంట్. మొన్న మా చెల్లె ఆల్బమ్ తిప్పుతూ "ఒక్క ఫోటోలో కూడా నోరు తెరిచి నవ్వలేదేంటన్నా" అనేదాకా నాకే తెలియదు. నల్లగొండలో ఒక క్లినిక్‌లో అడిగితే నోరు సరిగ్గా చూడకుండానే ఒక్క సిట్టింగ్‌లో తెల్లగా చేస్తాం, తొమ్మిది వేలు అన్నారు. మా మేనత్తేమో నిమ్మకాయ, ఉప్పు పెట్టి రుద్దమంటోంది. ఎవరైనా చేయించుకున్నారా?

చౌటుప్పల్_అక్క:
తమ్ముడూ, నిమ్మకాయ మాత్రం వద్దు, ఆ పులుపుకు పంటి పైపొర అరిగిపోతుంది, మరక మాత్రం అక్కడే ఉంటుంది. నేను నీలాంటి పళ్ళకే బ్లీచింగ్ చేయించుకున్నాను. చిగుళ్ళకు తగలకుండా అడ్డం పెట్టి జెల్ రాశారు, నొప్పేం లేదు కానీ ఆ రాత్రి చల్లనీళ్ళు తాగితే పళ్ళు జివ్వున లాగి ప్రాణం పోయినంత పనైంది, రెండ్రోజులకు తగ్గింది. అసలు టెన్షన్ వేరే. ఇంటికొచ్చి అద్దంలో చూస్తే తెల్ల చుక్కలు ముందుకంటే ఎక్కువ కనిపిస్తున్నాయి! వారానికి కొంచెం సర్దుకున్నాయి కానీ గోధుమ మరకలు సగమే తగ్గాయి. రెండు రోజులు చాయ్, పసుపు వేసిన కూర తినొద్దన్నారు, మనింట్లో పసుపు లేని కూర ఏముంటుంది, పెరుగన్నంతో గడిపాను.

పాలమూరు_డెంటల్:
మహబూబ్‌నగర్‌లో ప్రాక్టీస్ చేస్తాను. అక్క చెప్పింది నిజమే. చాయ్, గుట్కా మరకలు, గార పంటి పైన ఉంటాయి, వాటికి మామూలు క్లీనింగ్ చాలు. ఫ్లోరైడ్ మరక అలా కాదు, పన్ను చిగురు కింద తయారయ్యేటప్పుడే ఎనామిల్ (పంటి గట్టి పైపొర) లోపల పడుతుంది. క్లినిక్‌లో వాడే జెల్‌లో హైడ్రోజన్ పెరాక్సైడ్ ఉంటుంది, సుమారు 25 నుంచి 40 శాతం. అది పన్ను మొత్తం రంగు తేల్చుతుంది, మరక ఒక్కదాన్నే ఏరి తీయదు. గోధుమ మరకలకు మేం ముందు మైక్రో అబ్రేషన్ చేస్తాం, అంటే యాసిడ్ కలిపిన గరుకు పేస్టుతో పైపొరను చాలా పల్చగా అరగదీయడం. తెల్ల చుక్కలు బాగా కనిపిస్తుంటే రెజిన్ ఇన్‌ఫిల్ట్రేషన్ ఉంది, అంటే పల్చటి రెజిన్‌ను ఆ చుక్కల్లోకి ఇంకించడం, బ్లీచింగ్ దాని తర్వాతో ముందో అనేది పన్ను చూసే చెప్పాలి. మరక మరీ ముదురుగా, పన్ను గుంతలు పడి ఉంటే కాంపోజిట్ (పంటి రంగు ఫిల్లింగ్) గానీ వెనీర్ (పంటి ముందు అతికించే పల్చటి పొర) గానీ వేయాలి. ముందు పళ్ళకు క్యాపు, ఫిల్లింగ్ ఉన్నాయా? ఉంటే వాటి రంగు బ్లీచింగ్‌తో మారదు, పక్క పళ్ళు తెల్లబడి అవి పసుపుగా మిగులుతాయి. నోరు చూడకుండా రేటు చెప్పిన చోటికి నేనైతే వెళ్ళను.

చండూరు_పెద్దాయన:
ఏం పిల్లలయ్యా మీరు. ఆ నీళ్ళకు మా ఈడు వాళ్ళకు ఎముకలు బిగుసుకుపోయి నడుములు వంగాయి, ఇక పళ్ళ రంగు చూసిందెవరు. మా ఊళ్ళో పెళ్ళికొడుకు పళ్ళు తెల్లగా ఉంటే "ఏ ఊరోడు" అని అడిగేవాళ్ళు. సరేగానీ డాక్టరు గారూ, మా మనవడికి ఆరేళ్ళు, పుట్టినప్పటి నుంచి మిషన్ భగీరథ నల్లా నీళ్ళే. వాడికీ ఈ మరకలు వస్తాయా?

పాలమూరు_డెంటల్:
ముందు పళ్ళు తయారయ్యేది పుట్టినప్పటి నుంచి ఏడెనిమిదేళ్ళ లోపే పెద్దాయనా. అప్పుడు తాగిన నీళ్ళే లెక్క. వాటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకపోతే పెద్ద భయం లేదు. పొలం దగ్గర బోరు నీళ్ళు తాగనివ్వకండి, పేస్టు బఠానీ గింజంత చాలు, మింగకుండా చూడండి.

మర్రిగూడ_పోరడు:
థ్యాంక్స్ అక్కా, సార్. ఒక పంటికి చిన్నప్పటి ఫిల్లింగ్ ఉంది, ఆ క్లినిక్ వాళ్ళు అదీ అడగలేదు. శనివారం ఇంకో చోట చూపించుకుంటాను. మేనత్తకు నిమ్మకాయలు వాపసు ఇచ్చేశాను, పులిహోర చేసింది.