చర్చ: ఊళ్లో పరిశ్రమ పెడితే ఊరికి మిగిలేదెంత?

లాకుల దగ్గరివాడు
అందరికీ నమస్కారం. మాది ఆత్రేయపురం పక్కన చిన్న ఊరు, లొల్ల లాకులకు దగ్గరే. ఉద్యోగం హైదరాబాదులో. ఇక మానేసి ఊరికి వెళ్లి పూతరేకుల యూనిట్ పెడదామని ఉంది. ఇంట్లో ఒప్పించడానికి "పదిమందికి పని దొరుకుతుంది, ఊరు బాగుపడుతుంది" అని గట్టిగానే వాదించాను. మా మేనమామ అంతా విని ఒక్కటే అడిగారు: "ఇప్పటికే బోలెడు దుకాణాలున్నాయి కదరా, రేకు తీసే ఆడవాళ్లలో ఎంతమంది డాబా కట్టారు?" నా దగ్గర జవాబు లేదు. ఊళ్లో వ్యాపారం పెట్టినవాళ్లు, అలాంటి చోట పనిచేసినవాళ్లు ఉన్నదున్నట్టు చెప్పండి. సర్కారు పథకాల పేర్లు నాకు తెలుసు, అవి వద్దు.

కుండమీదరేకు
తమ్ముడూ, మీ మేనమామ గారికి దండం. మా ఇంట్లో అత్తగారు, నేను ఇద్దరమూ రేకు తీస్తాం. ఈ పని చూడనివాళ్ల కోసం చెబుతున్నాను. బోర్లించిన కుండ కింద ఎండు కొబ్బరాకుల మంట. బియ్యం నానబెట్టి రుబ్బిన పలుచని పిండిలో గుడ్డ ముంచి, కాలుతున్న కుండ మీద ఒక్క లాగు లాగాలి. రేకు తేలిపోతుంది, చేత్తో తీసి పక్కన పెట్టాలి. మంట కాస్త ఎక్కువైతే మాడుతుంది, తగ్గితే ఊడిరాదు. పొద్దస్తమానం ఆ సెగ ముందే కూర్చోవాలి.

మాకు డబ్బు వందరేకుల లెక్కన వస్తుంది. ఆ తర్వాత నెయ్యి, పంచదార పొడి లేదా బెల్లం, జీడిపప్పు, చుట్టడం, పెట్టె, దాని మీద బొమ్మ. లాభమంతా ఆ చివర్లోనే. కష్టమంతా మొదట్లో. పండగ సీజన్లో పెట్టె ధర పెరుగుతుంది, మా వందకు ఇచ్చేది మాత్రం కదలదు. అందుకని మీరు యూనిట్ పెడితే మొదట అడగాల్సింది "ఎంతమందికి పని ఇస్తాను" అని కాదు. ధర ఎవరు చెబుతారు, అదీ అడగాలి.

లెక్కలమాస్టారు
కొంచెం వేడి తగ్గిద్దాం. చిన్న వ్యాపారి మీద ఊరి భారమంతా వేస్తే అతను మొదటి ఏడాదే మునుగుతాడు. అద్దె, నెయ్యి అప్పు, అమ్ముడుపోని సరుకు, తిరిగొచ్చిన పెట్టెలు... ఇవన్నీ ఎవరు మోస్తారు? కూలి సమయానికి ఇచ్చి, అప్పులు ఎగ్గొట్టకుండా, నాణ్యత చెడగొట్టకుండా నడిపితే చాలు, అదే సమాజసేవ. మిగతాదంతా సన్మాన సభల్లో మాట్లాడుకునే సంగతి.

కుండమీదరేకు
మాస్టారూ, కూలి సమయానికి ఇవ్వడం సేవ కాదండీ, బాకీ తీర్చడం.

చిటికికట్టు
మాది పోచంపల్లి వైపు, నేతకుటుంబం. మా దగ్గర చాలామంది నేతన్నలు మాస్టర్ వీవర్ ఇచ్చిన నూలుతో, ఆయన చెప్పిన డిజైనుతో, ఆయన కట్టిన మజూరీకి నేస్తారు. చీర ఎక్కడ ఎంతకు అమ్ముడైందో మగ్గం దగ్గరున్నవాడికి తెలియదు. పోచంపల్లి ఇక్కత్‌కు భౌగోళిక గుర్తింపు (ఆ పేరు ఆ ప్రాంతపు సరుకుకే చెందుతుందనే చట్టపరమైన గుర్తు, జీఐ) వచ్చి చాలా ఏళ్లయింది. 2021లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ మా ఊరిని ఉత్తమ పర్యాటక గ్రామాల్లో చేర్చింది. సంతోషమే. కానీ మా డిజైన్లను మిల్లు గుడ్డ మీద అచ్చువేసి ఎక్కడెక్కడో అమ్ముతూనే ఉన్నారు. గుర్తింపు పత్రం దానంతట అది కోర్టుకు వెళ్లదు కదా. మీ పూతరేకులకూ 2023లో ఆ భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ పేరు వాడుకునే హక్కున్న అధీకృత వినియోగదారుగా పేరు నమోదు చేయించుకోవాలి. అది దుకాణం పేరు మీదనే కాకుండా రేకు తీసేవాళ్ల పేర్ల మీద కూడా వీలవుతుందేమో కనుక్కోండి.

ఇంకో మాట. మా ప్రాంతంలో వ్యాపారమంటే నాకు ముందు గుర్తొచ్చేది దుకాణం కాదు, యంత్రం. ఆలేరు దగ్గర శారాజిపేటలో చింతకింది మల్లేశం గారు వాళ్లమ్మ ఆసు పోస్తూ పడే భుజం నొప్పి చూడలేక యంత్రం తయారుచేశారు. తెలియనివాళ్లకు: చిటికి (రంగు అంటకుండా దారానికి వేసే కట్టు) కట్టడానికి ముందు దారాన్ని మేకుల చుట్టూ అటూ ఇటూ తిప్పడమే ఆసు. ఒక్క చీరకు చేయి వేల సార్లు కదలాలి, గంటల కొద్దీ పని, అదంతా ఇంటి ఆడవాళ్లదే. ఏళ్ల తరబడి తంటాలు పడి 1999లో యంత్రాన్ని ఒక కొలిక్కి తెచ్చారు. అమ్మ పేరే పెట్టారు, లక్ష్మీ ఆసు యంత్రం. 2017లో పద్మశ్రీ వచ్చింది. పద్మశ్రీ కంటే నాకు నచ్చేది, ఆయన దాన్ని తయారుచేసి నేతన్నల ఇళ్లకు అమ్మారు. యంత్రం ఇంట్లోనే ఉంటుంది, ఆసు పోసే చేతులకు విశ్రాంతి. మిగిలిన సమయం ఆ ఇంటిదే.

కుండమీదరేకు
అన్నయ్యా, మా కుండ సెగకు కూడా ఎవరైనా ఇలా ఆలోచిస్తే బాగుండు. పొగ బయటకు పోయే పొయ్యి పెట్టినా చాలు, సగం దగ్గు తగ్గుతుంది.

ముల్కనూరు బాట
ఆత్రేయపురం తమ్ముడికి మా వైపు సంగతి చెబుతాను. పాత కరీంనగర్ జిల్లా, ఇప్పుడు హనుమకొండ జిల్లా భీమదేవరపల్లి మండలం. 1956లో అలిగిరెడ్డి కాశీవిశ్వనాథరెడ్డి గారు మా ముల్కనూరు సహకార సంఘాన్ని మొదలుపెట్టారు. ఆయన వ్యాపారి అనిపించుకోలేదు గానీ, చేసింది అసలైన వ్యాపారం. అప్పు సంఘమే ఇస్తుంది, విత్తనం సంఘమే ఇస్తుంది, ధాన్యం సంఘమే కొంటుంది, మిల్లు సంఘానిదే. ఏడాది చివర మిగిలిన లాభంలో ఎవరెంత సరుకు పోశారో దాన్ని బట్టి బోనసు. బయటి వ్యాపారి కూడా సంఘం ధర ఎంతో చూసుకునే మాట్లాడాలి. సభ్యుడు కానివాడికి కూడా దీనివల్ల ధర పెరుగుతుందని చాలామంది గమనించరు.

తర్వాత మహిళా పాల సంఘం వచ్చింది. సభ్యులంతా ఆడవాళ్లే, పాలకవర్గమూ ఆడవాళ్లే, 'స్వకృషి' పేరుతో పాలు అమ్ముతారు. 1995 చట్టం కింద పరస్పర సహాయ సహకార సంఘంగా నమోదు. ఆ చట్టంలో కిటుకు ఏమిటంటే, ప్రభుత్వం నుంచి వాటా ధనం తీసుకోరు, కాబట్టి ప్రభుత్వం వచ్చి కుర్చీలో కూర్చోదు. బాగుపడినా చెడిపోయినా సభ్యులదే.

లెక్కలమాస్టారు
ముల్కనూరు లాంటివి ఎన్ని ఉన్నాయి చెప్పండి? సహకార సంఘం పేరు చెబితే మా జిల్లాలో జనం నవ్వుతారు. లెక్కలు చూసేవాడు ఒక్కడు తారుమారు చేస్తే అంతా కూలుతుంది.

ముల్కనూరు బాట
నిజమే మాస్టారూ, చాలా తక్కువ. మా దగ్గర నిలబడటానికి కారణం ఆదర్శం కాదు, అప్పు వసూలు విషయంలో ఎవరికీ మినహాయింపు లేకపోవడం. పెద్దరైతుకూ అదే నోటీసు. అది మొదటి తరం వాళ్లు నేర్పిన మొండితనం.

అల్లికసూది
నర్సాపురం నుంచి. మా లేసు సంగతి కూడా ఈ చర్చలో ఉండాలి. మిషనరీల కాలం నుంచి మా ఆడవాళ్లు ఇళ్లలో కూర్చుని అల్లుతున్నారు. సరుకు విదేశాలకు వెళ్లింది, ఎగుమతిదారులు మేడలు కట్టారు. అల్లేవాళ్లను మాత్రం ఎవరూ కార్మికులనుకోలేదు. "ఇంట్లో ఖాళీగా ఉండి అల్లుకుంటారు" అన్నారు. ఖాళీగా! వంట, పిల్లలు, పశువులు అయ్యాక మిగిలిన చూపంతా సూది మీద పెడితే దాని పేరు ఖాళీ. మధ్యలో ఏజెంటు, అతని పైన మరో ఏజెంటు. ఒకరి వాటా ఒకరికి తెలియదు. మీ రేకులవాళ్లు కూడా ఇళ్లలోనే పనిచేస్తారు కాబట్టి ఇదే జరుగుతుంది, జాగ్రత్త. ఎవరింట్లో వాళ్లుంటే ధర గురించి కలిసి మాట్లాడే చోటే ఉండదు.

సంఘం పుస్తకాలు
నేను గ్రామైక్య సంఘంలో, అంటే ఊళ్లోని మహిళా పొదుపు సంఘాలన్నీ కలిసిన సంఘంలో, లెక్కల పుస్తకాలు రాస్తాను. అప్పు పుట్టడం ఇప్పుడు పెద్ద సమస్య కాదు. పొదుపు సంఘాలకు బ్యాంకు అప్పిచ్చే లింకేజీ ఉంది, అప్పులిచ్చే సహకార సంస్థ స్త్రీనిధి ఉంది. సమస్య అంతా అమ్మకం దగ్గర. మా మండలంలో ఒక సంఘం పదిమందీ కలిసి అప్పడాలు మొదలుపెట్టారు. సరుకు బాగుంది, ఎగ్జిబిషన్లో అమ్ముడైంది, ఎగ్జిబిషన్ అయ్యాక కొనేవాడు లేడు. కొందరు రావడం మానేశారు, చివరికి ఇద్దరు అక్కాచెల్లెళ్లు సొంతంగా నడుపుతున్నారు, బాగానే ఉన్నారు. పదిమందీ యజమానులు కావాలని పట్టుబట్టకండి. అందరికీ ఆ సరదా ఉండదు, కొందరికి నికరమైన కూలి కావాలి అంతే. ఎవరు దేనికి సిద్ధమో ముందే అడగండి.

అలాగే అప్పు మీద వ్యాపారం పెట్టించేవాళ్ల విషయంలో 2010 గుర్తుంచుకోండి. చిన్న అప్పులిచ్చే మైక్రోఫైనాన్స్ కంపెనీల వారం వారం వసూళ్ల ఒత్తిడి ఎంత దూరం వెళ్లిందంటే, ఆ అక్టోబరులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వాటిని అదుపు చేసే ఆర్డినెన్సు తేవాల్సి వచ్చింది. పూతరేకుల గిరాకీ పండగలకూ పెళ్లిళ్లకూ ఎక్కువ. వారం వాయిదా దానికి సరిపడదు.

లాకుల దగ్గరివాడు
అందరికీ కృతజ్ఞతలు. రెండు రోజులుగా చదువుతూ, మా ఊళ్లో రేకు తీసే కొందరితో ఫోనులో మాట్లాడాను. ఇప్పటికి అనుకున్నది ఇది. చుట్టడం, పెట్టెలు, అమ్మకం నావి, నష్టం కూడా నాదే. రేకు ధర మాత్రం పెట్టె అమ్మకం ధరలో ఇంత వంతు అని రాసుకుంటాం. పెట్టె పెరిగితే అదీ పెరగాలి. అందరూ కూర్చుని తీసే షెడ్డు ఒకటి, పొగగొట్టంతో. ఇంట్లోనే తీస్తామన్నవాళ్లకు ఇంట్లోనే. వాటాలు కావాలా అని అడిగితే ముగ్గురు సరేనన్నారు, మిగతావాళ్లు "ముందు ఏడాది నడుపు బాబూ" అన్నారు.

లెక్కలమాస్టారు
వంతు పద్ధతి బాగుంది, కానీ నెయ్యి ధర పెరిగిన నెలలో మీరు చిక్కుల్లో పడతారు. ఖర్చులు తీసేశాక వంతా, తీయకముందే వంతా అన్నది కాగితం మీద తేల్చండి.

కుండమీదరేకు
తీయకముందే. తీశాక అంటే ఎప్పుడూ ఏమీ మిగలదు మాస్టారూ, మీకు తెలియనిదా? తమ్ముడూ, పొయ్యి ఎవరితో కట్టిస్తున్నావు? కుండ కూడా మామూలుది పనికిరాదు, రేకు కోసం ప్రత్యేకంగా చేసేవాళ్లున్నారు. షెడ్డు కొలతలు వేసేముందు ఒకసారి మా ఇంటికి రా, కూర్చునే ఎత్తు చూసి వెళ్దువు గాని.