‘పిండమునై’ – ఇది ఏ విభక్తి?

ప్రశ్న (నల్లగొండ నుంచి):
మొన్న ఆదివారం మా సంఘంలో కడుపులో ఉన్న బిడ్డల కోసం ప్రార్థన పెట్టారు. వాక్యం 139వ కీర్తన, 16వ వచనం: ‘నేను పిండమునై యుండగా నీ కన్నులు నన్ను చూచెను.’ ఇంటికి రాగానే తొమ్మిదో తరగతి చదివే మా అమ్మాయి పట్టుకుంది. “పిండమును అంటే ద్వితీయా విభక్తి కదా నాన్నా, పక్కన ‘ఐ’ ఎలా వచ్చింది?” అన్నం చల్లారిపోతోందని తప్పించుకున్నాను. ఇంకో సందేహం: పక్కింటి పెద్దమ్మకు ఈ మాట వింటే కాకులకు పెట్టే పిండమే గుర్తొస్తుందట. ‘శిశువునై’ అని మార్చి చదివితే తప్పా?

జవాబు (మహబూబ్‌నగర్, తెలుగు ఉపాధ్యాయుడు):
ద్వితీయ కాదండీ. ‘నేను బీదవాడను’ అన్నప్పుడు వచ్చే ‘ను’ ఇది. తన గురించి తాను చెప్పుకునేటప్పుడు నామానికి చేరుతుంది. మాటల్లో ‘నేను టీచర్ని’ అంటాం, అదే. 22వ కీర్తనలో ‘నేను పురుగును’ అని ఉంది చూడండి. అక్కడ పురుగును ఎవరూ ఏమీ చేయడం లేదు, పురుగే మాట్లాడుతోంది. బల్ల, రాయి తమ గురించి చెప్పుకోవు కాబట్టి వాటికి ఈ ప్రత్యయంతో పని పడదు. పిండానికి పడింది. అంటే ‘నేను’ అనే నోరు దానికి ఇచ్చారన్నమాట. హీబ్రూలో అక్కడున్నది ‘గోల్మీ’, అంటే ‘నా ముద్ద’, ఇంకా రూపం కట్టనిది. బైబిలు మొత్తంలో ఆ మాట ఈ ఒక్కచోటే వస్తుంది. ‘నా ముద్ద’ను మనవాళ్లు ‘ముద్దనైన నేను’గా తిప్పారు. నా మట్టుకు అనువాదమే ఒక మెట్టు పైన ఉంది.

‘శిశువు’ లూకా సువార్తలో ఉండనే ఉంది. ఎలీసబెతు గర్భంలో గంతులు వేసిన శిశువుకూ, తొట్టిలో పడుకున్న శిశువుకూ లూకా వాడిన గ్రీకు మాట ఒకటే. ఇక్కడికి మాత్రం దాన్ని తేకండి. కాళ్లూ చేతులూ ఏర్పడ్డాక చూడటంలో వింతేముంది? ముద్దగా ఉన్నప్పుడే చూశాడన్నది కదా కీర్తనకారుడి మాట.

పెద్దమ్మ తలచుకున్నదీ దూరమేమీ కాదు. పోయినవారికి పెట్టే పిండాలతో వారికి శరీరం ఏర్పడుతుందని ఆ సంప్రదాయంలో చెబుతారు. అక్కడా పిండం దేహం లేని మనిషి కోసమే.

పుట్టపాక నుంచి:
నేను చర్చికి వెళ్లను, మగ్గం మనిషిని. పై 15వ వచనంలో ‘విచిత్రముగా నిర్మింపబడిన’ అని ఉందే, దాని మూలం రంగు దారాల పనికి వాడే క్రియ అని ఎక్కడో చదివి ఆగిపోయాను. తేలియా రుమాలుకు ముందే దారాలు కట్టి రంగులో ముంచుతాం. అప్పుడు చూడండి, వట్టి మరకలు. నేత మొదలయ్యాక గానీ చూసేవారికి పువ్వో ఏనుగో తెలియదు, కట్టినవాడికి మాత్రం ముందే తెలుసు. తర్వాతి వచనంలోని ‘దినములలో ఒకటైన కాకమునుపే నా దినములన్నియు నీ గ్రంథములో లిఖితములాయెను’ నాకు అలా అర్థమైంది.

దేవరకొండ వైపు నుంచి (నర్సు):
విభక్తి సంగతి ఉపాధ్యాయులు చెప్పారు, నాది వేరే మాట. గర్భం తీయించుకోవడానికి చట్టం వారాలు లెక్కపెడుతుంది: 20, కొందరికి 24. మా ఊరి ఆడవాళ్లు లెక్కపెట్టరు. నెల తప్పిందని తెలిసిన రోజే ‘ఆమె ఒట్టి మనిషి కాదు’ అంటారు. రెండేళ్ల కిందట నాకు నాలుగో నెలలో కడుపు పోయింది. పరామర్శకు వచ్చినవాళ్లు ‘ఇంకా పిండమే కదా’ అన్నారు, ఓదార్పుకే. ఆ మాట నెలల తరబడి చెవిలో ఉండిపోయింది. తర్వాత ఎప్పుడో ఈ కీర్తన చదువుతుంటే అదే పిండం కనబడింది, ‘నేను’ పక్కన. అందుకే మార్చవద్దంటాను. ఒక్క విన్నపం: ఈ వచనం చదివిన నోటితోనే వెంటనే ‘నరహత్య’ అని కేకలు వేస్తారు కొందరు బోధకులు. నాలాంటివాళ్లు ఎందరో ఆ చాపల మీదే తల వంచుకుని కూర్చుని ఉంటారు. కీర్తనకారుడు దేవుడితో తన గురించి చెప్పుకున్నాడు, ఎదుటివారి మీద వేలు చూపలేదు.

ప్రశ్న అడిగిన వ్యక్తి:
అక్కా, మొన్న ప్రార్థన నడిపింది నేనే. ఆ మాట నేనూ అన్నాను, గట్టిగానే. వచ్చే ఆదివారం ఈ వచనమే మళ్లీ చదువుతాను, ‘పిండమునై’ అనే.